గడప లెక్క

పొద్దున ఏడింటికే కరెంటు పోయింది. మే నెలలో, అదీ కడపలో. ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాన్, రౌటర్ పెట్టుకుని హాల్లో చాప మీదే ల్యాప్‌టాప్ తెరిచాను. సాయంత్రం లోపు మా పార్సిల్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మా పార్సిల్ వివరాలు అడిగే దారి) రిఫరెన్స్ పేజీ నెట్‌లో ఎక్కించాలి. మా మేనేజర్ దాన్నింకా స్వాగర్ అనే అంటారు. ఏపీఐని ఎలా వివరించాలో చెప్పే ఆ స్పెసిఫికేషన్ పేరు 2016లోనే ఓపెన్‌ఏపీఐ అయింది గానీ, నోటికి అలవాటైన పేరు అంత తొందరగా పోతుందా.

ఏపీఐ వివరాలుండే యామల్ ఫైలు రాత్రే ముగించాను. దాన్ని చదివి చూపించే హెచ్‌టీఎంఎల్ పేజీ మీద డబుల్ క్లిక్ చేస్తే తెల్ల పేజీ. ఇన్నేళ్లయినా నెలకోసారి ఈ తప్పు చేస్తూనే ఉంటాను. పేజీని డిస్కులోంచి నేరుగా తెరిస్తే, అది పక్కనున్న యామల్‌ను చదవబోతుంటే బ్రౌజర్ భద్రత కోసమని ఆపేస్తుంది. చిన్నదైనా ఒక సర్వర్ ఉండాలి. ఆ ఫోల్డర్లోనే పైథాన్‌తో వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ నడిపి లోకల్‌హోస్ట్ 8000 తెరిస్తే అంతా వచ్చింది. కుడి పక్క నల్ల డబ్బాలో నమూనా జవాబు కూడా.

మురిసిపోయి గిట్‌హబ్‌కు పుష్ కొట్టాను. అమ్మ కారం దోశ తెచ్చి పెట్టింది. రెండు ముక్కలు తిన్నానో లేదో, నాతో పనిచేసే ప్రొద్దుటూరు పిల్లోడి ఫోన్.

"అన్నా, పేజీ యాడుందన్నా? పైన పేరొక్కటే కనపడతాంది."

తప్పు నాదే. యామల్ పేరుకు ముందు ఒక స్లాష్ పెట్టాను. ఆ స్లాష్ ఉంటే సైటు గడప దగ్గర్నుంచి, అంటే అన్నిటికంటే పై మెట్టు నుంచి, వెతకమని అర్థం. నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డరే గడప, అందుకే దొరికింది. మేం సైటు పెట్టే గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు సైటు రిపాజిటరీ (ఫైళ్లుండే ప్రాజెక్టు ఫోల్డర్) పేరు కింద, ఒక మెట్టు లోపల ఉంటుంది. గడప దగ్గర వెతికితే 404, అంటే 'దొరకలేదు' అనే జవాబు తప్ప ఏం దొరుకుతుంది. తిరుమలకు తొలి గడప అని పేరున్న ఊళ్లో పుట్టి గడప లెక్కే తప్పాను.

స్లాష్ తీసేశాను. ఈసారి మాత్రం ఫోల్డర్లోంచి ఒక మెట్టు బయటికొచ్చి అక్కడ్నుంచి సర్వర్ నడిపాను. అలా చేస్తే లోకల్‌హోస్ట్ పక్కన ఫోల్డర్ పేరు కూడా కొట్టాలి, అచ్చం అక్కడి అడ్రసులాగే. స్లాష్ ఉన్న పాత పేజీని కూడా ఒకసారి తెరిచాను. ఇక్కడా అదే 404 పడింది. హమ్మయ్య. తప్పు ఇంట్లోనే కనపడితే తప్ప, బాగైందంటే నమ్మకం కుదరదు నాకు.

మళ్లీ ఎక్కించాక "ఇంకా పాతదే వస్తాందన్నా" అన్నాడు. అక్కడి పేజీలను బ్రౌజర్ 600 సెకన్ల దాకా దాచుకోవచ్చు. పది నిమిషాలు ఆగమంటే ఆగే రకం కాదు వాడు. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కించాను.

అయిపోయిందనుకున్నాను. ప్లేటు తీయడానికొచ్చిన అమ్మ వంగి స్క్రీన్ చూసింది.

"ఇది మన కడప కోడేనా? ముందర సున్నా ఏది రా?"

నమూనా జవాబులో కడప బ్రాంచి ఎస్టీడీ కోడ్ 8562 అని ఉంది. ఫైల్లో నేను 08562 అనే కొట్టాను, కానీ కోట్స్ పెట్టలేదు. కోట్స్ లేకపోతే పేజీ తయారుచేసే టూల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నా మింగేసింది. ఇది చూసి ఎవడో ఆ ఫీల్డును నంబరుగా దాచుకుంటే ఇక అంతే. టైప్ స్ట్రింగ్ (అక్షరాల వరుస) అని రాసి నంబరు ఇచ్చావని, తప్పులు పట్టే లింట్ టూల్ పసుపు రంగులో చెప్పే ఉంది. నేనే పైకి జరిపేశాను.

ఏడు రోడ్ల దగ్గర నాయన ఎస్టీడీ బూత్ నడిపే రోజుల్లో మధ్యాహ్నాలు అమ్మే కూర్చునేది. గాజు తలుపు, ఎర్ర అంకెల మీటరు, దాని పక్కన ఊళ్ల కోడ్‌ల అట్ట. ఆ అట్ట ఎప్పుడో పోయింది గానీ ఆమెకు మాత్రం అన్నీ నోటికే ఉన్నాయి.

"ప్రొద్దుటూరుది 08564. అదన్నా సరిగ్గా రాసినావా?"

వెతికాను. దానికీ సున్నా లేదు.

కరెంటు పదకొండింటికి వచ్చింది. ఇంకా ఇరవై బ్రాంచిలున్నాయి. అన్నం తిన్నాక అమ్మ పక్కన కూర్చుంటానంది.