గట్టు రోడ్డుకు తగిన కారు

మొదటి కారు కొంటున్నానని చెప్పగానే మా స్టాఫ్‌రూములో అందరూ సలహాలు ఇచ్చారు. మైలేజీ ఎంత, మళ్లీ అమ్మితే ఎంత వస్తుంది, ఏ రంగు బాగుంటుంది. రోజూ నడిపేది ఏ రోడ్డు మీద అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు అన్నింటికన్నా ముందు అడగాల్సింది అదే అనిపించింది.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటి నుంచి బడికి పంట కాలువ గట్టు మీదుగా వెళ్లాలి. ఒక పక్క నీళ్లు, రెండో పక్క పల్లంలో కొబ్బరి తోటలు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరో కొబ్బరికాయల లారీయో వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గక తప్పదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. వానాకాలంలో అంచున ఉన్న మట్టి పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ చక్రం పడితే దిగబడిపోతుంది. అందుకే పెద్ద బండ్ల ఊసు మొదట్లోనే వదిలేశాను. నాలుగు మీటర్ల లోపు పొడవు, అడుగున కాస్త ఎత్తు, చేతికి తేలికగా తిరిగే స్టీరింగు ఉంటే చాలనుకున్నాను. కొత్త కారుకు డబ్బు చాలదు కాబట్టి వాడిన కారే.

చివరికి రెండు పేర్లు మిగిలాయి: మారుతి వ్యాగన్ఆర్, టాటా టియాగో. మొదటిది 3,655 మిల్లీమీటర్ల పొడవు, 1,620 వెడల్పు. రెండోది 3,765 పొడవు, 1,677 వెడల్పు. గట్టు మీద ఆ అరచేతి తేడా కూడా లెక్కకు వస్తుంది. పైగా వ్యాగన్ఆర్ సీటు ఎత్తుగా ఉంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ముందు నడుము ఆనించి కూర్చుని, ఆ తర్వాత ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని లోపలికి పెట్టుకుంటుంది. వ్యాగన్ఆర్‌లో ఆ పని సులువుగా అయిపోయింది. టియాగోలో దిగేటప్పుడు నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

అయినా నేను టియాగో వైపే మొగ్గాను. కార్లను ఢీకొట్టించి భద్రత పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి పరీక్షలో పెద్దల రక్షణకు టియాగోకు 2020లో ఐదుకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. వ్యాగన్ఆర్‌కు 2023లో వచ్చింది ఒక్కటే. గట్టు మీద నేను ముప్పై దాటను. కానీ అమ్మను డాక్టరుకు చూపించడానికి కాకినాడ వెళ్లాలంటే 216వ జాతీయ రహదారి ఎక్కాలి, అమలాపురం, ఎదుర్లంక వంతెన, యానాం దాటాలి. అక్కడ ఎదుటివాళ్ల వేగం నా చేతిలో ఉండదు. ఈ మాట అమ్మకు చెబితే, “భుజం ఇవ్వడానికి నువ్వున్నావు కదా అమ్మాయి, గట్టిగా ఉన్నదే తీసుకో” అంది.

మా ఊరి మెకానిక్ బాబాయికి ఇది అంత నచ్చలేదు. చిన్న పల్లెలో సామాను దొరకడమే నమ్మకమంటే, మారుతి సామాను ఏ కొట్టులోనైనా దొరుకుతుంది అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే క్లచ్, బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు ఎక్కడ దొరుకుతాయో అమలాపురం, భీమవరం కొట్లకు ఆయన చేతే ఫోను చేయించి కనుక్కున్నాకే ముందడుగు వేశాను.

వాడిన కారు చూసేటప్పుడు మన ప్రాంతంలో ముందు చూడాల్సింది నీళ్లు. గోదావరికి పెద్ద వరద వచ్చిన 2022 జూలైలో లంకల్లో ఇళ్లే మునిగాయి. నాకు చూపించిన ఒక కారు బయటికి అద్దంలా మెరుస్తోంది. బాబాయి డ్రైవరు పక్క సీటు బెల్టును చివరిదాకా లాగారు. చేతికి రోజూ అందే భాగమంతా శుభ్రంగా ఉంది, ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడులో మాత్రం నేతలో ఎండిన సన్నటి ఒండ్రు గోధుమరంగు చారలా పట్టి ఉంది. సీటు కింద బోల్టులకు తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీస్తే దాని గుంటలోనూ అదే మట్టి. ఇక ఇంజను చూడనే లేదు. నీళ్లు తాగిన కారులో వైరింగు ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు, ధర ఎంత తగ్గించినా వద్దు.

తీసుకున్నది 2021 మోడల్ పెట్రోలు బండి. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదు తొలగించి ఉందో లేదో చూశాం, బండిని నా పేరుకు మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు అయ్యాయి. బీమా కూడా నా పేరుకు మార్చుకున్నాను. దానికి పద్నాలుగు రోజుల్లోపే దరఖాస్తు పెట్టుకోవాలి.

బీమాలో ఇంజను రక్షణను విడిగా చేర్పించాను. ఇది మన జిల్లాల వాళ్లందరూ చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరుతుంది. గాలిలా నీరు నొక్కుకుపోదు, దాంతో పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఈ నష్టాన్ని మామూలు పాలసీలు సాధారణంగా భరించవు. కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఆగిపోవడమే మేలు, పొరపాటున బండి నీళ్లలో ఆగిపోతే తాళం తిప్పకుండా తోయించుకుని బయటికి తేవాలి.

మరొకటి, కాలువలో పడిన కార్ల వార్తలు చదివినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. నీళ్లలో పడ్డ కారు తలుపు బయటి నీటి ఒత్తిడికి తెరుచుకోదు. తలుపుతో కుస్తీ పట్టకుండా బెల్టు విప్పుకుని, పవర్ విండోలు పనిచేస్తుండగానే కిటికీ దించి బయటపడాలి. అద్దం దిగకపోతే పగలగొట్టాల్సింది పక్క అద్దాన్ని, అదీ మూల దగ్గర. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసినది, పగిలినా ఊడిరాదు. ఇందుకోసమే మొన మీద ఉక్కు ముక్క ఉండే చిన్న సుత్తులు అమ్ముతారు. వాటికే బెల్టు కోసే బ్లేడు కూడా ఉంటుంది. నేను దాన్ని డ్యాష్‌బోర్డు అరలో పడేయలేదు, డ్రైవరు సీటు పక్కన చెయ్యి చాస్తే తగిలేలా బిగించాను. గట్టు మీద ఉన్నంతసేపు నా వైపు కిటికీ సగం దించే ఉంచుతాను, ఏసీ సంగతి రహదారి ఎక్కాక చూసుకోవచ్చు. అమ్మకు కూడా బెల్టు ఎలా విప్పుకోవాలో, సుత్తి ఎక్కడుందో చూపించాను. కళ్లు మూసుకుని రెండూ చేసి చూపించమన్నాను, చేసింది.