1964లో పుట్టినవాళ్ళం

నేను పుట్టింది 1964లో. అరవై నిండగానే బ్యాంకువాళ్ళు దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపేశారు. అదే ఏడు జర్మనీలో పుట్టినవాళ్ళు పూర్తి పెన్షన్ కావాలంటే మామూలుగా 67 దాకా ఆగాలి. నలభై అయిదేళ్ళు చందా కట్టినవాళ్ళకైతే 65కే ఇస్తారు.

ఇదంతా చెన్నై పెరంబూరులో మా మేడమీద పోర్షన్‌లో అద్దెకుంటున్న నెల్లూరమ్మాయి చెప్పింది. నర్సు. ఇక్కడ జర్మన్ నేర్చుకుంటోంది, హాలె అనే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం దాదాపు ఖాయమైంది. "మీ ఈడువాళ్ళకి సేవ చెయ్యడానికే ఆంటీ నేను వెళ్తున్నది" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు గానీ లెక్క మాత్రం పట్టుకుంది. లెడ్జర్లతో బతికినదాన్ని కదా.

1964లో తూర్పు, పడమర జర్మనీలు రెండూ కలిపి 13.57 లక్షల మంది పుట్టారు. యుద్ధం తర్వాత మరే ఏడూ అంతమంది పుట్టలేదు. 2024లో పుట్టినవాళ్ళు 6.77 లక్షలు, అంటే సగం. 1972 నుంచి అక్కడ ఏటా పుట్టేవాళ్ళకన్నా పోయేవాళ్ళే ఎక్కువ. అయినా జనాభా ఎనిమిది కోట్లు దాటే ఉందంటే బయటినుంచి వచ్చినవాళ్ళ వల్లే. పెన్షన్ సంగతి ఇంకా చిత్రం. జీతంలో 18.6 శాతం చందా, సగం ఉద్యోగి, సగం యజమాని. అది ఎవరి పేరునా దాచి వడ్డీ కట్టరు. ఈ నెల వసూలైంది ఈ నెల ముసలివాళ్ళకే పోతుంది. కట్టేవాళ్ళు తగ్గి, తీసుకునేవాళ్ళు పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి మేనేజరు అక్కర్లేదు.

ఆ హాలె పక్కనే హాలె-నాయ్‌స్టాట్ అని ఉంది. దానికి పునాదిరాయి వేసిందీ 1964లోనే! లాయ్‌నా, బూనా రసాయన ఫ్యాక్టరీల కార్మికుల కోసం తూర్పు జర్మనీ ప్రభుత్వం వరసగా అపార్ట్‌మెంట్లు కట్టింది. ఒకప్పుడు అక్కడ 90 వేలమంది పైనే ఉండేవారు. 1990లో దేశం ఒకటయ్యాక ఉద్యోగాలు పోయాయి, కుర్రకారు పడమరకి వెళ్ళిపోయింది, మగపిల్లలకన్నా ఆడపిల్లలే ఎక్కువ. జనం సుమారు సగమయ్యారు. 2002 నుంచి ప్రభుత్వమే డబ్బిచ్చి తూర్పున ఖాళీ బిల్డింగులు కూలగొట్టించింది. మా వీధిలో టులెట్ బోర్డు సాయంత్రం దాకా నిలవదు. చేరేవాళ్ళు లేక ఇళ్ళు పడగొట్టారంటే ఆ పిల్లని రెండుసార్లు అడిగాను, నిజమేనా అని. ఫోన్లో ఫొటోలు చూపించింది. నాలుగంతస్తుల గోడకి ఇంకా వాల్‌పేపర్ అంటుకునే ఉంది.

పనికి పిలవడం వాళ్ళకి కొత్త కాదు. పడమర జర్మనీవాళ్ళు 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకున్నారు. కొన్నాళ్ళు పనిచేసి పోతారనుకున్నారు. 1973లో ఇక చాలన్నారు. అప్పటికే ఉన్నవాళ్ళలో చాలామంది పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకుని అక్కడే స్థిరపడ్డారు. 1960లలో కేథలిక్ చర్చి ద్వారా కేరళ అమ్మాయిలు కూడా నర్సులుగా వెళ్ళారు. తర్వాత వాళ్ళ మొగుళ్ళు వెళితే వెంటనే పనిచెయ్యనివ్వలేదు. చదువుకున్న మగవాళ్ళు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ కూర్చున్నారు. నా మటుకు నాకు అందులో పెద్ద అన్యాయమేమీ కనబడలేదు గానీ, పిలిచి పని ఇవ్వకపోవడం మాత్రం మర్యాద కాదు.

ఇప్పుడు మర్యాద పెరిగింది, అవసరం అలా ఉంది మరి. 2024 జూన్ నుంచి కొత్త చట్టం వచ్చింది. అయిదేళ్ళుంటే పౌరసత్వం అడగొచ్చు, పాత పాస్‌పోర్టు వదులుకోమని వాళ్ళు అనరు. మన దేశమే రెండూ ఉంచుకోనివ్వదు. ఈ సంగతి తెలిసినప్పటినుంచి నెల్లూరులో వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసి "పాస్‌పోర్టు మాత్రం మార్చకే" అంటోంది. అదింకా అయిదేళ్ళ తర్వాత మాట. ముందు బీ2 స్థాయి జర్మన్ భాష పరీక్ష గట్టెక్కాలి. రాయడం ఫర్వాలేదట, మాట్లాడే పేపరుకే టెన్షన్. రాత్రి పదిదాకా పైన గొణుగుతూనే ఉంటుంది.