మేక ముట్టని ఆకు

బుధవారం, తెల్లవారుజాము 3.15. డ్యూటీలో టీ బ్రేక్.

నిన్నటి సంగతి ఇప్పుడు రాసుకోకపోతే ఇక రాయను.

నిన్న పొద్దున ఏడున్నరకి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఇంత ఉప్మా తిని, కర్టెన్లు మూసి పడుకున్నాను. పదకొండింటికి వంటింట్లో స్టీలు గిన్నె కింద పడింది. పదకొండుంబావుకి మిక్సీ మొదలైంది. పదకొండున్నరకి అమ్మ తలుపు తోసి, "ఏమే, ఇంకా లేవలేదా? పొద్దు నడినెత్తికొచ్చింది" అంది. అమ్మ సత్తుపల్లి దగ్గర మా ఊరి నుంచి వచ్చి మూడు వారాలైంది. నేను ముసలివాళ్ళుండే హోమ్‌లో రాత్రిళ్ళు పని చేస్తానని ఫోన్‌లో వందసార్లు చెప్పాను. విని ఊరుకోవడం వేరు, కూతురు పట్టపగలు ముసుగుతన్ని పడుకోవడం కళ్ళారా చూడటం వేరు. పెద్దమ్మతో మాట్లాడుతూ "రాత్రిళ్ళు పనంట, పగలంతా పడకంట" అనడం నాకు వినపడుతూనే ఉంది.

ఎలాగూ నిద్ర చెడింది కదా, అమ్మని రేమండ్ ఐలాండ్ తీసుకెళ్దామనుకున్నాను. మేముండేది బెయిర్న్స్‌డేల్. మెల్‌బోర్న్ నుంచి తూర్పుగా కారులో మూడున్నర గంటలు. ఇక్కడ తెలుగువాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పేన్స్‌విల్ ఇరవై నిమిషాలు. అక్కడ పంటు ఎక్కితే అవతలి గట్టే రేమండ్ ఐలాండ్. పంటు అనేది అమ్మ మాటే. గోదావరి మీద చూసిన దానిలాంటిదే అనుకుంది. ఇది ఇనుప గొలుసుల మీద నడుస్తుంది, ఎక్కీ ఎక్కకముందే అవతల దింపుతుంది. నడిచి ఎక్కేవాళ్ళకి టికెట్ లేదు. ఆ మాట వినగానే అమ్మకి ఆ ఊరి మీద గౌరవం పెరిగింది.

"చూడ్డానికి ఏముంది అక్కడ?"

"కోలాలు."

"కూల్ డ్రింకా?"

కాదమ్మా, జంతువు, చెట్టు మీద ఉంటుంది అన్నాను. ఫోన్‌లో బొమ్మ చూసి ఎలుగుబంటి పిల్ల అని తేల్చేసింది. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. ఎలుగుబంటికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది కంగారూలా సంచి జంతువు. ఇప్పుడు బతికున్న వాటిలో దీనికి దగ్గరి చుట్టం నేలలో బొరియలు తవ్వుకునే వాంబాట్. ఒకటి చెట్టెక్కింది, ఒకటి మట్టిలోకి దూరింది.

పంటు దిగి పది అడుగులు వేశామో లేదో, అమ్మ ఆగి ముక్కు ఎగబీల్చింది. "ఇది జామాయిల్ వాసన కదే?"

అవును మరి, జామాయిల్ అంటే యూకలిప్టసే. మాకు ఊళ్ళో నాలుగెకరాల జామాయిల్ తోట ఉంది. నాలుగేళ్ళకోసారి నరుకుతారు, పేపరు మిల్లు లారీ వచ్చి ఎత్తుకుపోతుంది, మోడు మళ్ళీ చిగురేస్తుంది. కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు, కంచె వేయక్కర్లేదు, ఎందుకంటే గొడ్డూ మేకా దాని జోలికి రావు. ఆ చెట్టు పుట్టిల్లు ఇదేనని చెబితే అమ్మ నమ్మలేదు. నిజానికి మన వైపు వేసే క్లోన్ల వెనకున్న జాతుల్లో ఒకదాన్ని ఇక్కడ ఫారెస్ట్ రెడ్ గమ్ అంటారు. మా గిప్స్‌లాండ్ మైదానంలోనూ ఉంది. క్వీన్స్‌లాండ్ కోలాలు ఇష్టంగా తినే చెట్లలో అదొకటి. "మా తోటలో ఆకు తినే జంతువు కూడా ఉందన్నమాట" అంది అమ్మ, ఎవరో తన మీద పందెం గెలిచినట్టు.

రేమండ్ ఐలాండ్‌లో నాకు నచ్చేది, అది జూ కాకపోవడం. ఇళ్ళు, పోస్టు డబ్బాలు, కార్లు ఉన్న మామూలు వీధులు. ఆ వీధుల్లో చెట్లు, చెట్ల కొమ్మల చీలికల్లో కోలాలు. కనిపెట్టడమే కష్టం. వీపు బూడిద రంగు గొంగడిలా ఉంటుంది, వెనకభాగం మీద తెల్ల మచ్చలు. కింది నుంచి తలెత్తి చూస్తే చెట్టుకి పట్టిన బుడిపెలా ఉంటుంది తప్ప జంతువులా కనపడదు. నేను పైకి చూస్తూ మెడ నొప్పి తెచ్చుకుంటే, అమ్మ కిందకి చూసింది. "ఇదిగో పెంటికలు" అంది. ఈతగింజల్లాంటివి, చెట్టు మొదట్లో పోసి ఉన్నాయి. నున్నటి బెరడు మీద గోళ్ళ గీతలు. తలెత్తితే సరిగ్గా నెత్తి మీదే ఉంది మొదటిది. మేకల్ని కాచిన మనిషికి గైడ్ ఎందుకు!

మొత్తం తొమ్మిది చూశాం. ఏడు నిద్రలోనే ఉన్నాయి.

నాలుగోది కూడా నిద్రపోతూ కనపడేసరికి అమ్మకి విసుగొచ్చింది. "ఏం జంతువే ఇది, పనీపాటా లేదా?" రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటలు కదలకుండా ఉంటుందని చెప్పాను. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు.

అందుకే నాకు తెలిసినదంతా చెప్పేశాను, దాని తరఫున ప్లీడరులా. అది తినేది దాదాపు ఆ ఆకు ఒక్కటే. అందులో సగం నీళ్ళు, మిగతాది పీచు, నూనె, విషం. బలమిచ్చేది బహు తక్కువ. రోజుకి అరకిలో నుంచి కిలో దాకా నమిలినా ఒంట పట్టేది కొంచెమే. ఆ విషాన్ని విరవడానికి లివర్ ఆపకుండా పని చేయాలి. 2018లో దీని జన్యువులన్నీ చదివినప్పుడు, విషాన్ని విరిచే రకం జన్యువులు మామూలు కంటే ఎక్కువ కనిపించాయట. ఇక పీచు సంగతి. మన పశువులకి పొట్టలో జరిగే పులిసే పని దీనికి వెనకపేగులో జరుగుతుంది. అక్కడ 2 మీటర్ల పొడవున తిత్తి లాంటి గొట్టం ఉంటుంది, దాని నిండా సూక్ష్మజీవులు. ఇడ్లీ పిండి పులియబెట్టినట్టు ఆకుని రోజుల తరబడి అందులో ఉంచుతుంది. ఇంత తక్కువ రాబడితో బతకాలంటే ఖర్చు తగ్గించుకోవాలి. మెదడు కూడా చిన్నది పెట్టుకుంది. కదలకపోవడం దాని పొదుపు.

"అంత కష్టం ఎందుకు, ఇంకో ఆకు తినొచ్చుగా?" అంది అమ్మ.

ఇంకో ఆకు కోసం అందరూ కొట్టుకుంటారు కదమ్మా. దీని జోలికి వచ్చేవాళ్ళు తక్కువ.

ఇది చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. నేను కూడా పొడిగించలేదు. రాత్రి షిఫ్టు ఎందుకు తీసుకున్నావని మా ఆయన అడిగినప్పుడు నేను చెప్పిన జవాబూ దాదాపు ఇదే.

ఆరోదాని వీపు మీద పిల్ల ఉంది. ఇప్పుడు అక్టోబరు కదా, సంచి దాటి బయటికొచ్చిన పిల్లలు కనపడే కాలం. తల్లి కడుపులో ఉండేది 35 రోజులే. పుట్టినప్పుడు 2 సెంటీమీటర్లు, బరువు అర గ్రాము. కళ్ళు లేవు, చెవులు లేవు, తల్లి బొచ్చు పట్టుకుని తనంతట తానే సంచిలోకి పాక్కుంటూ పోయి చన్ను పట్టుకుంటుంది. ఆరు నెలలు లోపలే. ఆ తర్వాత ఆకు తినడం మొదలుపెట్టాలంటే, ఆ ఆకుని అరిగించే సూక్ష్మజీవులు పిల్ల పేగులో ఉండాలి కదా. తల్లి దగ్గరి నుంచే తీసుకుంటుంది. తల్లి పేగు నుంచి మెత్తగా వచ్చే ఒక రకం పదార్థాన్ని పిల్ల తింటుంది. ఇది చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను. అమ్మ ఛీ అంటుందనుకున్నా. "నీకు మాత్రం వసకొమ్ము అరగదీసి నాకించలేదా? దేని ఉగ్గు దానిది" అంది.

తర్వాత పిల్లని ఎత్తుకుని ఫొటో దిగొచ్చా అని అడిగింది. కుదరదమ్మా, విక్టోరియాలో జనం కోలాని ఎత్తుకోవడానికి చట్టం ఒప్పుకోదు. క్వీన్స్‌లాండ్‌లో కొన్ని చోట్ల ఒప్పుకుంటారు. "ఎత్తుకోవడానికి కూడా చట్టమా" అని సణిగి, చెట్టు పక్కన నిలబడి ఫొటో దిగింది. ఫొటోలో అమ్మ ఉంది, చెట్టు ఉంది, కోలా ఉన్న చోట బుడిపె ఉంది.

ఎనిమిదోది దొరికేసరికి నాలుగు దాటింది. అది మెలకువగా ఉంది, ఆకు మేస్తోంది. ఇది చూడ్డానికి ఇక్కడికి ఎన్నిసార్లయినా రావచ్చు. ఒక చేత్తో రెమ్మని దగ్గరికి లాక్కుంది, వాసన చూసింది, వదిలేసింది. ఇంకో రెమ్మ, వాసన, వదిలేసింది. మూడోది నచ్చింది. ఇక్కడ యూకలిప్టస్ జాతులు 700 దాకా ఉంటే, ఇది తినేవి కొన్ని డజన్లు, ఒక్కో ప్రాంతంలో మనసుపడేవి నాలుగైదు. అందులోనూ చెట్టు చెట్టుకీ పేచీ పెడుతుంది. "అచ్చం మీ నాన్నే" అంది అమ్మ. నాన్న సంతలో ప్రతి బెండకాయ కొసా విరిచి చూసేవాడు. కూరగాయలమ్మి తిట్టేది, ఆయన విరుస్తూనే ఉండేవాడు. ఆయన పోయి ఐదేళ్ళు. ఆ కోలా నాలుగో రెమ్మని కూడా కాదన్నప్పుడు మేమిద్దరం గట్టిగా నవ్వాం.

దగ్గరగా ఉండటం వల్ల చేతులు బాగా కనపడ్డాయి. ముందు చేతికి ఐదు వేళ్ళే గానీ రెండు బొటనవేళ్ళలా ఒక వైపుంటాయి, మూడు ఎదురుగా. కొమ్మని పట్టకారులా పట్టేస్తుంది. వెనక కాళ్ళకి రెండు వేళ్ళు కలిసిపోయి దువ్వెనలా ఉంటాయి, వాటితోనే బొచ్చు దువ్వుకుంటుంది. వేళ్ళకి మనుషుల్లాగే వేలిముద్రలు ఉంటాయి. ఇది అమ్మకి అన్నిటికంటే నచ్చింది. మిరపకాయలు కోసీ కోసీ అమ్మ వేళ్ళు అరిగిపోయాయి, రేషన్ మిషన్ మీద ఒక పట్టాన ముద్ర పడదు. "దానికి పడతాయి, నాకు పడవు" అని అరచెయ్యి చూసుకుంది.

తిరిగి వచ్చే దారిలో ఉన్నట్టుండి గుర్రుగుర్రుమని పెద్ద చప్పుడు. పాత బుల్లెట్ బండి కిక్ కొట్టినా స్టార్ట్ కానట్టు, మధ్యలో పంది గురక. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మగ కోలా అరుపది. తొమ్మిదోది. ఛాతీ మధ్య గోధుమరంగు మరక కూడా కనపడింది, అది వాసన గ్రంథి, చెట్టుకి రుద్ది "ఇది నాది" అంటుంది. పది పన్నెండు కిలోల జంతువు నుంచి అంత బొంగురు గొంతా అనిపిస్తుంది. స్వరపేటిక బయట ఇంకో జత మడతలు ఉన్నాయని, ఆ లోతు గొంతు వాటిదేనని 2013లో కనుక్కున్నారు. ఆ అరుపుని బట్టి ఎంత పెద్దవాడో మిగతావి అంచనా వేసుకుంటాయట.

పంటు కోసం నిలబడ్డప్పుడు అమ్మ మంచి ప్రశ్నే అడిగింది. చుట్టూ నీళ్ళు కదా, ఇవి ఇక్కడికెలా వచ్చాయని. మనుషులు తెచ్చారు, 1953లో. అంతకు ముందు కథ బాగుండదు. బొచ్చు కోసం వీటిని లక్షల్లో చంపారు. 1927లో క్వీన్స్‌లాండ్‌లో ఒక్క ఆగస్టు నెల వేటకి అనుమతిస్తే సుమారు 6 లక్షలు పోయాయి. విక్టోరియాలో 1920ల నాటికి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అయితే అంతకు ముందే ఎవరో కొన్నిటిని తీరానికి దగ్గరి ద్వీపాల్లో వదిలారు. ఆ ద్వీపాల్లో మిగిలిన విత్తనంతోనే తర్వాత రాష్ట్రమంతా మళ్ళీ నింపారు. ఇప్పుడు చిత్రమేమిటంటే, ఇక్కడ విక్టోరియాలో కొన్ని చోట్ల కోలాలు ఎక్కువై చెట్లన్నీ మోడు చేస్తున్నాయని ఆడ కోలాలకి పిల్లలు పుట్టకుండా ఇంప్లాంట్లు పెడుతున్నారు. అదే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా వైపు అడవులు తగ్గి, 2019-20 మంటల్లో కాలిపోయి, క్లమీడియా జబ్బు ముదిరి, 2022 ఫిబ్రవరిలో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి ఎక్కాయి. ఇంత చెబితే అమ్మ ఒక్క ముక్కే పట్టుకుంది. "కోలాలకి కుటుంబ నియంత్రణా!" పంటు దాటేదాకా నవ్వుతూనే ఉంది.

ఇంటికొచ్చాక ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. మామయ్య వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అక్కా, జామాయిల్ ఆకు తింటదా? రెండు పంపించు, తోటలో వదులుదాం." అమ్మ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "నాలుగేళ్ళకోసారి తోట నరికేస్తావుగా, అదెక్కడ పడుకుంటదిరా?" అంది. మామయ్య బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

డ్యూటీకి ముందు ఒక గంట పడుకుందామని గదిలోకి వెళ్ళాను. వంటింట్లో కుక్కర్ విజిల్ వేయబోతే అమ్మ స్టవ్ కట్టేసిన చప్పుడు వినపడింది. అన్నం పలుకుగా ఉంది. ఏమీ అనకుండా తిన్నాను.

అమ్మకి చెప్పనిది ఒకటుంది. ముసలి కోలాలు చాలావరకు పళ్ళు అరిగిపోయి చస్తాయి. ఆ పీచు ఆకుని ఏళ్ళ తరబడి నమిలీ నమిలీ దవడ పళ్ళు నున్నగా అవుతాయి. చెట్టు నిండా ఆకు ఉంటుంది, నమలలేదు. ఇక్కడ మా హోమ్‌లో మెత్తగా మిక్సీ పట్టిన భోజనం తినేవాళ్ళు ఆరుగురున్నారు. క్యారెట్‌ని మిక్సీ పట్టి, మళ్ళీ క్యారెట్ ఆకారం అచ్చులో పోసి పెడతారు. పదకొండో రూమ్ పెద్దావిడ ప్రతిసారీ దాన్ని స్పూన్‌తో చితకకొట్టి, అప్పుడు తింటుంది.

అదిగో, ఆవిడదే బెల్ మోగుతోంది. టీ చల్లారిపోయింది.