తేలే దీవిని వెతుక్కుంటూ భవానీ ఐలాండ్‌కి

సంక్రాంతి సెలవులకు గుంటూరు వచ్చిన మా మేనకోడలు కథ రాస్తోంది. ఏడో తరగతి. ఆకాశంలో తేలే దీవి కథ అది. ఆ దీవిని నిలబెట్టే మంత్రానికి నిలకడ లేదు. మంత్రం సడలినప్పుడల్లా వాగున్న చోట గుట్ట లేస్తుంది, నిన్న నడిచిన దారి ఇవాళ ఉండదు. "మావయ్యా, ఒక్క దీవైనా చూడకుండా ఎలా రాయను?" అంది. మనకు దగ్గర్లో ఉన్నది విజయవాడ దగ్గర కృష్ణలో ఉన్న భవానీ ఐలాండే కదా, పొద్దున్నే బస్సెక్కాం.

మంగళగిరి ఎప్పుడు దాటిందో తెలీదు, వారధి మీద మెలకువ వచ్చింది. బస్టాండ్ బయట మాత్రం కోపమొచ్చింది. పున్నమి ఘాట్‌కి ఆటో మూడు వందలట! పండగ రోజులు సార్ అన్నాడు. పండగైతే దూరం పెరుగుతుందా? బేరమాడి రెండొందల యాభైకి ఎక్కాం కానీ, ఆ చిరాకు దుర్గ గుడి దగ్గరికి వచ్చేదాకా తగ్గలేదు.

కొండ చూడగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. కృష్ణమ్మ పొంగి అమ్మవారి ముక్కుపుడకను తాకిన రోజున యుగాంతమని చెప్పేది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేదు. "ఇంకెంత దూరముందిరా?" అని అడుగుతూనే ఉంది. పిల్లకు అది చెబితే వెంటనే నోట్‌బుక్ తీసి రాసుకుంది.

తొమ్మిదిన్నరైనా మంచు విడలేదు. బోటు కదిలాక చూస్తే దీవికి ఒడ్డే లేదు. తెల్లటి పొగ మీద చెట్ల తలలు మాత్రం ఉన్నాయి. "మావయ్యా, నిజంగానే తేలుతోంది!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ నోరు మెదపలేదు. ఎన్నిసార్లు వచ్చానో ఇక్కడికి, ఇలా ఎప్పుడూ చూడలేదు.

దిగాక దీవి మ్యాపు గీయడం మొదలుపెట్టింది. 130 ఎకరాల పైనే ఉన్న దీవిని ఒక్క పేజీలో ఇరికించాలని ఆమె తంటాలు. మొక్కలకు నీళ్లు పెడుతున్న పెద్దాయన కాసేపు చూసి, "అటు వైపు దారి గీశావేం పాపా? అది వరదకి కోసుకుపోయింది" అన్నాడు. మమ్మల్ని ఓ చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. నా తలకన్నా ఎత్తున కొమ్మల్లో పాత గోనె పీలిక, ఎండిన గడ్డి చిక్కుకుని ఉన్నాయి. "2024 సెప్టెంబరులో నీళ్లు ఇక్కడిదాకా. తీశాక చూస్తే అంతా బురదే. ఒకచోట ఒడ్డు తెగిపోద్ది, ఇంకోచోట ఇసక మేటేస్తది. ఏది ఎక్కడుంటదో మేమూ చెప్పలేం."

ఆ వరద 11.43 లక్షల క్యూసెక్కులు. పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దిన సంగతి మనందరికీ తెలిసిందే. మామూలు రోజుల్లో బ్యారేజీ నీటిని నిలబెడుతుంది కాబట్టి దీవి చుట్టూ చెరువులా ఉంటుంది. పైన సాగర్, పులిచింతల డ్యాముల నుంచి నీళ్లు వదిలి, మున్నేరు నది కూడా కలిసిందా, 70 గేట్లూ ఎత్తాల్సిందే. అప్పుడు ప్రవాహం బలంగా తగిలిన ఒడ్డు తెగుతుంది, నెమ్మదించిన చోట ఒండ్రు దిగుతుంది. ఇదంతా నేను చెబుతుంటే పిల్ల వినట్లేదు. రబ్బరుతో దారి చెరిపేస్తోంది. చెరిపిన చోట చెట్టు గీసి, కొమ్మకు గోనె పీలిక వేలాడదీసింది.

మధ్యాహ్నం తిన్న భోజనం ఖరీదెక్కువ, కూర చల్లారిపోయింది. పిల్లకు అదేమీ పట్టలేదు. మళ్లీ పెద్దాయన దగ్గరికి పరిగెత్తి, "తాతా, మళ్లీ వరదొస్తే ఈ చెట్టుంటుందా?" అని అడిగింది. ఆయన చెట్టు మొదట్లో మట్టిని కాలితో అదిమి చూశాడు.

"వేరు బాగానే పట్టింది తల్లీ" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చేసి, వారధి దాటేదాకా ఆ చెట్టు వేర్లే గీస్తూ కూర్చుంది.