నెమలి పిన్నుతో కరీంనగర్‌కి

మా మేనత్త పోయాక ఆమె నగల గురించి ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు. జరగడానికి నగలంటూ పెద్దగా లేవు. ఉన్న కాస్త బంగారం కూతుళ్ళిద్దరూ తీసుకున్నారు. వెండి నెమలి పిన్ను మాత్రం నాకిమ్మని ముందే చెప్పి పెట్టిందట. చీర కొంగు జారకుండా భుజం దగ్గర పెట్టుకునే పిన్ను అది. సన్నటి వెండి తీగతో అల్లిన కరీంనగర్ పని. టీచరుగా చేసినన్నాళ్ళూ అది లేకుండా ఆమె గడప దాటగా నేను చూడలేదు. పెళ్ళికైనా పరీక్ష డ్యూటీకైనా అదే. పెట్టుకోవడం కూడా ఒక తీరుగా పెట్టుకునేది. నెమలి తల కిందికి వాలి ఉండేది, తోక సగం కొంగు మడతలో దాక్కునేది. అది అత్తమ్మ స్టైల్ అనుకునేవాళ్ళం. మా వదిన తన పెళ్ళిలో రాళ్ళ పిన్నును పనిగట్టుకుని అలాగే వంచి పెట్టుకుంది.

నా చేతికి వచ్చేసరికి తోకలో ఒక ఈక ఊగుతోంది. హైదరాబాద్‌లో రెండు షాపుల్లో చూపించాను. ఇద్దరిదీ ఒకటే మాట: "దీన్ని ఎవరూ ముట్టుకోరండీ, పాత వెండి కింద ఇచ్చేసి కొత్తది తీసుకోండి." ఒకాయన అడక్కుండానే తూకం కూడా వేశాడు. నాకు ఒళ్ళు మండింది. తీగ పనిలో వెండి ఉండేదే కొంచెం, మిగతాదంతా చేతి పని. దాన్ని గ్రాముల్లో చూస్తే ఏం కనిపిస్తుంది? పుట్టిన చోటికే తీసుకెళ్దామని బయల్దేరాను.

జూబ్లీ బస్ స్టేషన్ నుంచి సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారిలో దాదాపు 160 కిలోమీటర్లు. దారి గురించి చెప్పడానికేమీ లేదు. సగం దూరం నిద్రపోయాను, మిగతా సగం హ్యాండ్‌బ్యాగులో డబ్బా ఉందో లేదో తడుముకుంటూ కూర్చున్నాను.

కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో జీఐ గుర్తింపు, అంటే ఈ పని ఫలానా ఊరిదేనని చెప్పే ముద్ర, వచ్చింది. ఒడిశాలోని కటక్‌లో ఇలాంటి పనినే తారకసి అంటారు, దానికి ఆ గుర్తింపు 2024లో గానీ రాలేదు. ఈ విషయంలో మనవాళ్ళే ముందున్నారని బస్సులో ఫోన్‌లో చదివి కాస్త పొంగిపోయాను. తీరా అడుగుతూ వెళ్తే, ఊళ్ళో సగం మందికి ఆ పని ఎక్కడ చేస్తారో తెలియదు.

చివరికి దొరికిన చోటు ఒక మామూలు గది. కింద చాప మీద నలుగురు కూర్చుని పని చేస్తున్నారు. పెద్దాయన నా డబ్బా తీసుకుని, మూత తెరవకుండానే పక్కన పెట్టి, "కూసో బిడ్డా, చేతిల పని అయిపోనీ" అన్నారు. ఆ కాసేపే నాకు కలిసొచ్చింది.

ఒక కుర్రాడు కమ్మచ్చులోంచి తీగ లాగుతున్నాడు. ఉక్కు పలకకు వరసగా బెజ్జాలుంటాయి, ఒకదాని కంటే ఒకటి సన్నం. వెండి తీగను ఒక్కో బెజ్జంలోంచి లాగుతూ సాగదీస్తారు. లాగుతున్నకొద్దీ వెండి బిరుసెక్కి తెగడానికి సిద్ధమవుతుంది, అప్పుడు కాల్చి మళ్ళీ మెత్తబరచాలి. అలా వెంట్రుక మందానికి వచ్చిన తీగలు రెండింటిని కలిపి మెలిపెట్టి, మెషీన్‌లో నొక్కి చదును చేస్తారు. నొక్కాక ఆ మెలికలు అంచున చిన్న చిన్న పళ్ళుగా తేలతాయి. వెండి తీగ పనిలో గింజలు గింజలుగా కనిపించే మెరుపు ఆ పళ్ళదే. ఇన్నేళ్ళు ఆ పిన్నును చూసి కూడా అది మెలేసిన జంట తీగ అని నాకు తెలియదు.

ఇంకొకతను ఆకు ఆకారంలో ఉన్న చట్రాన్ని నింపుతున్నాడు. చట్రం లావు తీగతో ఉంటుంది. లోపల నింపే చుట్టల్ని శ్రావణంతో, అంటే సన్న పట్టకారుతో, ఒక్కొక్కటే వంచి, సందులో ఇరికిస్తున్నాడు. జిగురు ఏమీ లేదు, దాని బిగువుకే అది నిలబడుతుంది. గట్టిగా తుమ్మితే ఏమవుతుందని అడిగాను. "మల్ల మొదలువెట్టాలె" అన్నాడు తలెత్తకుండా. అన్నీ నిండాక వెలిగారం, వెండి టంకం పొడి చల్లి మంట చూపిస్తారు. అసలు టెన్షన్ అక్కడే. వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టంకం అంతకంటే కొంచెం ముందు కరిగి సందుల్లోకి పాకాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే సన్న తీగలన్నీ ముద్దయిపోతాయి. థర్మామీటర్ లేదు. వెండి ఎరుపెక్కే తీరును బట్టి మంట పక్కకు తిప్పేస్తారు, అంతే.

పెద్దాయన నా పిన్ను తీసుకుని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశారు. తర్వాత వెనక్కి తిప్పి, నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"ఇగో, ఈడ సూడు. ఇది ఇంతకు ముందే ఒకసారి ఇరిగింది."

తోక చివర, తీగల మధ్య, కందిగింజలో సగం ఉండే బూడిదరంగు బొట్టు. మట్టి పేరుకుందనుకుని నేను బ్రష్‌తో రుద్దింది దాన్నే.

"ఇది మా టంకం గాదు. రేడియోలు బాగుజేసేటోళ్ళు పెడ్తరే, అది. సీసం ఉంటది దీంట్ల. ఇప్పుడు నేను మంట వెట్టిననుకో, ఆ సీసం వెండిని తింటది. బొక్కలు వడ్తయి. ఈ ఈక మొత్తం కోసి కొత్తది వెయ్యాలె. కొయ్యమంటవా?"

ఆ రేడియో టంకం 200 డిగ్రీల లోపే కరుగుతుంది. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఉంటే చాలు. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఒక్క మనిషే. బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, అత్తమ్మ పిన్ను ఎప్పుడైనా విరిగిందా?"

కొంచెంసేపు మాట లేదు. తర్వాత, "నీకెవరు చెప్పిండ్రు?"

అత్తమ్మ మొదటి జీతంతో కొనుక్కున్న పిన్ను అది. జీతం ఇంట్లో ఇవ్వకుండా సోకులకు తగలేసిందని నానమ్మ వారం రోజులు సణిగిందట. ఆ సణుగుడు ఆగేలోపే బడిలో బీరువా తలుపు సందులో పడి తోక విరిగింది. ఇంట్లో తెలిస్తే ఇంకేముంది! డిగ్రీ చదువుతూ రేడియోలు విప్పుకునే తమ్ముడికి రాత్రిపూట గుట్టుగా తెచ్చిచ్చింది. ఆయన బొటనవేలు కాల్చుకుని మరీ అతికించాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. అతుకు కనపడకుండా తోకను కొంగు మడతలో దాచి పెట్టుకోవడం మర్నాటి నుంచే మొదలు. అదీ మా అత్తమ్మ స్టైల్!

కోసేస్తే ఆ అతుకు పోతుందని చెప్పాను. నా గొంతులో ఏదో తేడా వినిపించినట్టుంది నాన్నకు, వెంటనే నవ్వేశారు. "తీసెయ్యమను. అప్పుడే అన్నది అక్క, వంకరగ వెట్టినవురా అని. చచ్చేదాంక దెప్పింది."

లోపలికెళ్ళి కొయ్యమన్నాను. సాయంత్రం రమ్మన్నారు.

ఆ మధ్యలో ఎలగందుల చూసొచ్చాను. కరీంనగర్ కంటే ముందు జిల్లా కేంద్రం అదే, ఈ తీగ పని కూడా అక్కడి నుంచే ఇటు వచ్చిందని చెప్పారు. మానేరు ఒడ్డున గుట్ట మీద కోట, 1754లో కట్టించిన జంట మీనార్లు. ఊపితే కదులుతాయంటారు, నేను ప్రయత్నించలేదు. ఎండ మండిపోతోంది, నా మనసంతా ఆ గదిలోనే ఉంది. కోట గురించి ఇంతకంటే రాస్తే అబద్ధమవుతుంది.

తిరిగొచ్చేసరికి పిన్ను కుంకుడు రసంలో మునిగి ఉంది. తీసి, బ్రష్‌తో రుద్ది, నా చేతిలో పెట్టారు. కొత్త ఈక మిగతా వాటికంటే తెల్లగా ఉంది. అన్నీ ఒకే రంగుకు తెమ్మంటారా అంటే వద్దన్నాను. గాలికి అదే నల్లబడుతుంది, తొందరేముంది? టూత్‌పేస్ట్‌తో మాత్రం తోమొద్దని గట్టిగా చెప్పారు. పొడి తీగల సందుల్లో ఇరుక్కుంటే ఇక రాదట. కోసిన పాత ఈకను కాగితంలో మడిచి, "నీ వెండి నీకే" అని ఇచ్చేశారు.

బస్సు ఎక్కుతుంటే నాన్న ఫోన్.

"ఆ ముక్క పారేయలేదు గద?"

"లేదు, బ్యాగులో ఉంది."

"జాగ్రత్తగ పట్టుకరా. మీ చిన్నత్తకు ఇప్పటికీ తెల్వదు. నువ్వు చెప్పకు, నేనే చెప్త."