ఏడు లెక్కలో దొరికిన పింక్ ఫ్లాయిడ్

మొదట్లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ నాకు అస్సలు ఎక్కలేదు.

బెంగళూరులో మా రూమ్మేట్‌ది షిల్లాంగ్. అక్కడివాళ్లకి రాక్ సంగీతమంటే ప్రాణం. ఒకరోజు "ఇది విను" అని ఆ బ్యాండ్ పాట "షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్" పంపాడు. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, క్యాబ్‌లో విన్నాను. సన్నగా ఏదో మోత, దాని మీద నెమ్మదిగా గిటార్. ఎంతకీ గొంతు రాదు. అందులో మొదటి మాట వినబడేదే ఎనిమిది నిమిషాలు దాటాక. నేను నాలుగో నిమిషంలోనే ఆపేశాను. తర్వాత ఇంకో మూడు నాలుగుసార్లు ప్రయత్నించినా అంతే. పల్లవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే చెవికి అక్కడ పట్టు దొరకలేదు.

దారి చూపించింది "మనీ" పాట. 1973లో వచ్చిన "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" ఆల్బమ్‌లోది. ఆదివారం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే రూమ్మేట్ స్పీకర్లో పెట్టాడు. చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత. ఇవన్నీ వరసగా వచ్చి మళ్లీ మొదటికొస్తున్నాయి. నా కత్తి దానికి తగ్గట్టు పడుతోంది కానీ నాలుగుకి సరిపోవడం లేదు, ఎనిమిదికి ఒకటి తక్కువవుతోంది. కత్తి పక్కన పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడు. ఇంకోసారి పెట్టాను. ఏడే.

నేను రాజమండ్రిలో ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఏడు అంటే నాకు మిశ్ర చాపు తాళం. తకిట తకధిమి. ఇక్కడ నడక వేరు, విరుపు వేరు, కానీ లెక్క అదే. ఎక్కడో లండన్‌లో కూర్చుని నలుగురు ఏడు అక్షరాల్లో పాట కట్టారన్నమాట. ఆ క్షణంలో ఒళ్లు జలదరించింది. అంతవరకూ మూసి ఉన్న ఇంటి తలుపు మీద మా ఇంటిపేరు కనబడినట్టు అనిపించింది.

ఆ చప్పుళ్ల వెనక కథ తెలిశాక అభిమానం ఇంకా పెరిగింది. కంప్యూటర్‌లో కత్తిరించి అతికించే రోజులు కావవి. ఒక్కో చప్పుడూ టేపు మీద రికార్డు చేసి, ఆ టేపుని స్కేలుతో కొలిచి, సమానంగా ఏడు ముక్కలు కోసి, అతికించి, మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేశారు. అక్షరకాలం వెంట్రుకవాసి కూడా జరగకూడదని మా మాస్టారు ఎన్నేళ్లు చెప్పారో! ఆ మాటే అక్కడ స్కేలుతో కొలిచి కనబడింది.

అప్పుడు ఆల్బమ్ మొత్తం విందామని కూర్చున్నాను. మొదటిసారి ఫోన్లో షఫుల్ ఆన్‌లో ఉండిపోవడంతో అంతా పాడైంది. ఇందులో ఒక పాట పూర్తయ్యి ఇంకోటి మొదలవడం ఉండదు. ఒకదాంట్లోంచి ఇంకోటి పుడుతుంది. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగిపోతుంది. కొత్తగా వినేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: షఫుల్ తీసేయండి, దాదాపు 43 నిమిషాలు దానికే ఇవ్వండి.

మధ్యలో "ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై" వస్తుంది. క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాట లేకుండా, మన అకారంలాగా, గొంతుతోనే ఏడుపూ కోపమూ శాంతీ అన్నీ పలికించింది. అప్పట్లో ఆమెకి ఇచ్చింది 30 పౌండ్లు. స్టూడియోలో అప్పటికప్పుడు అల్లుకున్న ఆ గానానికి సహరచయితగా పేరు దక్కడానికి ఆమె కోర్టుకెళ్లాల్సి వచ్చింది. 2005లో గానీ తేలలేదు. ఆ పాట విన్న ప్రతిసారీ నాకు ఆ విషయం గుర్తొచ్చి బాధేస్తుంది.

ఇంత అయ్యాక మళ్లీ "షైన్ ఆన్" దగ్గరికొచ్చాను. ఈసారి రాత్రి, గదిలో లైటు తీసేసి. అప్పుడు అర్థమైంది, నేను ఆలాపనని పల్లవి అనుకుని వింటున్నానని. కచేరీలో ఇరవై నిమిషాల రాగాలాపనకి కదలకుండా కూర్చున్నవాణ్ని, ఇక్కడ నాలుగు నిమిషాలు ఓపిక పట్టలేకపోయాను. దాదాపు నాలుగో నిమిషంలో, నేను ఆపేసే చోటే, గిటార్ మీద నాలుగు స్వరాలు మాత్రం ఒంటరిగా వస్తాయి. అవి రికార్డు చేసి మా అక్కకి పంపాను. తను వయొలిన్ వాయిస్తుంది. "గ, ని, స, ద. స్వరాలైతే ఖరహరప్రియవే. కానీ రాగం అనకు, గమకం లేదు. ఆ నాలుగింటినీ అలా వదిలేయడమే బాగుంది" అంది.

ఆ స్వరాలు ఎవరి కోసమో తర్వాత చదివాను. సిడ్ బారెట్. 1965లో మొదలైన ఈ బ్యాండ్‌కి తొలి రోజుల్లో పాటలు రాసింది, పాడింది అతనే. మనసు చెదిరి 1968లో దూరమయ్యాడు. 1975 జూన్‌లో, ఆబీ రోడ్ స్టూడియోలో మిగతావాళ్లు ఈ పాట మీదే పనిచేస్తుంటే, ఒక లావుపాటి మనిషి వచ్చి నిలబడ్డాడు. గుండు, కనుబొమ్మలు కూడా గీసేసుకున్నాడు. చాలాసేపు ఎవరూ గుర్తుపట్టలేదు. అతనే సిడ్. తన కోసం కట్టిన పాట జరుగుతున్న గదిలోకి తనే వచ్చాడు. ఇది తెలిశాక నేను ఆ ఎనిమిది నిమిషాల్ని ఇంకెప్పుడూ ముందుకి జరపలేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మాస్టారికి "మనీ" వినిపించాను. పేరు చెప్పలేదు. ఆయన కళ్లు మూసుకుని, తొడ మీద చెయ్యి వేశారు. గల్లాపెట్టె రెండుసార్లు తిరిగేసరికి తాళం పట్టేశారు. పాటకి వేశారు, శాక్సోఫోన్‌కి వేశారు. గిటార్ అందుకోగానే చెయ్యి ఆగింది.

"నాలుగులోకి వచ్చేశాడేంట్రా?"

"అవును మాస్టారూ."

నాలుగే వేస్తూ కూర్చున్నారు. గిటార్ అయిపోయి పాట మళ్లీ ఏడులోకి వెళ్లగానే, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా ఆయన చెయ్యీ అటు మళ్లింది. అయ్యాక కళ్లు తెరిచి, "మళ్లీ మొదట్నుంచి పెట్టు. ఎక్కడ మార్చాడో చూడాలి" అన్నారు.