చార్టులో ఒక గడి

అమెరికాలో, నార్త్ కరోలినాలోని ఒక ఆసుపత్రిలో, బాలింతల వార్డులో, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా నర్సుగా పనిచేస్తూ ఆరేళ్లు గడిపాను. బిడ్డ పుట్టగానే చార్టులో మేము నింపవలసిన గడి ఒకటుంది: తల్లిపాలా, డబ్బాపాలా, రెండూనా? గుంటూరులో చదువుకొని వచ్చిన నేను, నల్లజాతి తల్లులలో చాలామంది డబ్బాపాలే అడగడం చూసి, ముర్రుపాల విలువ వీరికి తెలియదేమోనని మొదటి ఏడాదంతా ఓపికగా పాఠాలు చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఒక రాత్రి, నాకన్నా ఎంతో ముందునుంచీ ఆ వార్డులో ఉన్న నల్లజాతి నర్సు నా పాఠం పూర్తిగా విని, "ఆమె మళ్లీ పనికి ఎన్నో రోజున వెళ్లాలో అడిగావా?" అంది. అడగలేదు. అడిగితే, వృద్ధాశ్రమంలో ఆయాగా చేస్తున్న ఆ తల్లి, పదో రోజున అని చెప్పింది. 1993 నాటి సెలవు చట్టం 12 వారాలు ఇస్తుంది గాని, జీతం ఇవ్వదు. 50 మంది కన్నా తక్కువ పనివారున్న ప్రైవేటు సంస్థలకూ, చేరి ఏడాది నిండనివారికీ ఆ సెలవైనా వర్తించదు. మన దేశంలో 2017 నుంచి జీతంతో 26 వారాలు ఇస్తున్నారని గొప్పగా చెప్పబోయి, మిరపకాయలు కోయడానికి కూలికి పోయే తల్లికి అవి అందవని గుర్తొచ్చి ఊరుకున్నాను.

తెల్లవారుజామున కాస్త తీరిక దొరికినప్పుడు ఆ నర్సు పాత సంగతులు చెప్పేది. బానిసత్వం సాగినన్నాళ్లూ నల్లజాతి స్త్రీలు యజమానుల బిడ్డలకు పాలివ్వవలసి వచ్చేది, సొంత బిడ్డకు మిగిలిందే దక్కేది; అందుకే వాళ్లింటి పెద్దలకు పాలివ్వడమన్న మాటే గిట్టేది కాదట. మా ఊరికి దగ్గర్లోనే రీడ్స్‌విల్ ఉంది. 1946లో అక్కడి ఆసుపత్రిలో, నల్లవారికి కేటాయించిన నేలమాళిగ గదుల్లో, ఆనీ మే ఫుల్ట్జ్ అనే స్త్రీకి ఒకే కాన్పులో నలుగురు ఆడపిల్లలు పుట్టారు. ఆమెకు వినికిడి లేదు, మాట లేదు. కాన్పు చేసిన తెల్లజాతి వైద్యుడు పిల్లలకు తన ఇంటి ఆడవాళ్ల పేర్లు తానే పెట్టి, పెట్ మిల్క్ అనే డబ్బాపాల కంపెనీతో ఒప్పందం కుదిర్చాడు. ఆ నలుగురి ముఖాలతో వచ్చిన ప్రకటనలు నల్లజాతి ఇళ్లకు డబ్బాపాలను గౌరవంగా చేర్చాయి. కన్నతల్లికి పేర్లు పెట్టే హక్కయినా దక్కలేదన్న చోట నేను ఆగిపోతాను.

అమెరికా మొత్తం మీద 2015లో పుట్టిన పిల్లల్లో తల్లిపాలు మొదలుపెట్టినవారు తెల్లజాతిలో 85.9 శాతం, నల్లజాతిలో 69.4 శాతం. ఈ తేడాను తల్లుల ఇష్టాయిష్టాలకు వదిలేయడానికి లేదు. నల్లజాతివారు ఎక్కువగా ఉండే ప్రాంతాల ఆసుపత్రుల్లో పుట్టిన వెంటనే పాలు పట్టించడం, బిడ్డను తల్లి గదిలోనే ఉంచడం వంటి అలవాట్లు తక్కువని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2014లోనే తేల్చింది. మా వార్డు సంగతీ అంతే: పాలు పట్టించడం నేర్పే నిపుణురాలు పగలే ఉంటుంది, డబ్బాపాల సీసాలు మాత్రం రాత్రంతా చేతికందే సొరుగులో ఉంటాయి.

ఆ పదో రోజు తల్లి దగ్గర ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాను. చేత్తో పాలు ఎలా పిండాలో చూపించాను, బీమా కింద పాలు తీసే పంపు కోసం ఎవరికి ఫోను చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాను. బిడ్డ మూడోసారికి చన్ను పట్టింది. గడిలో 'రెండూ' అని నింపి, డ్యూటీ దిగాను.